పీఎఫ్ నుంచి ఎంత తీసుకోవచ్చు? పై చదువుల ఖర్చు ముందున్న తల్లిదండ్రులకు ఒక వివరణ



పదో తరగతి పరీక్షలు అయిపోగానే పిల్లలను పదకొండో తరగతిలోనో, ఐటీఐలోనో, డిప్లొమాలోనో చేర్చాలి. ఫీజు, పుస్తకాలు, బస్సు పాసు, కొందరికి హాస్టలు ఖర్చు, అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆ రోజుల్లో మన బడి ఆఫీసుకు వచ్చే తల్లులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "సార్, మా ఫండ్‌లోంచి లోన్ ఎంత వస్తది?"

మన షోలాపూర్‌లో తెలుగు ఇళ్లలో చాలావరకు తల్లి బీడీలు చుడుతుంది, తండ్రి పవర్‌లూమ్ మీదనో టవల్ కార్ఖానాలోనో పని చేస్తాడు. ఇద్దరిలో ఒకరికైనా పీఎఫ్ ఖాతా ఉంటుంది. అందులో ఎంత ఉందో, ఎంత తీయవచ్చో తెలియక నూటికి రెండు రూపాయల వడ్డీకి సావుకారు దగ్గర తెచ్చుకునే వాళ్లున్నారు. దొరికినంతా తీసేసి, ముసలితనానికి ఏమీ మిగుల్చుకోని వాళ్లూ ఉన్నారు. రెండూ నష్టమే. లెక్క ముందే తెలిస్తే ఈ రెండూ తప్పించుకోవచ్చు. అందుకే ఈ వివరణ.

అది లోన్ కాదు

అందరూ "పీఎఫ్ లోన్" అంటారు గానీ, ఈపీఎఫ్‌లో మనకు ఇచ్చేది అప్పు కాదు, అడ్వాన్సు. అప్పు అయితే తిరిగి కట్టాలి, వడ్డీ కట్టాలి. ప్రభుత్వ ఉద్యోగుల జీపీఎఫ్‌లో తాత్కాలిక అడ్వాన్సు తీసుకుంటే నెలనెలా జీతంలోంచి కంతులుగా కోసుకుంటారు. ఈపీఎఫ్‌లో ఆ కోత లేదు. చెప్పిన పనికి వాడుకుంటే తిరిగి కట్టనక్కరలేదు.

వినడానికి బాగుంది కదా! కానీ దీని అర్థం ఇంకొకటుంది. అప్పు తీరితే మన సొమ్ము మళ్లీ నిండుతుంది. అడ్వాన్సుగా తీసుకున్నది మళ్లీ నిండదు. అది మీ డబ్బే, మీరే ముందుగా ఖర్చు పెట్టుకుంటున్నారు. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకొని మిగతాది చదవండి.

ఇంట్లో బీడీలు చుట్టేవాళ్లకు పీఎఫ్ ఎలా వచ్చింది?

ఇది తెలుసుకోవడం అవసరం. ఎందుకంటే "ఇంట్లో కూర్చొని చుట్టే ఆడవాళ్లకు ఫండ్ ఏమిటి" అనే మాట ఇప్పటికీ వినబడుతుంది. ప్రావిడెంట్ ఫండ్ చట్టం 1952లో వచ్చింది. బీడీ పరిశ్రమను 1977లో ఆ చట్టం కిందికి తెచ్చారు. ఇంటి దగ్గర చుట్టేవాళ్లు మా ఉద్యోగులు కారని యజమానులు కోర్టుకెక్కారు. ఆకు, తంబాకు యజమాని ఇస్తాడు, చుట్టిన బీడీలు యజమానికే వెళ్తాయి, బాగోలేనివి ఏరి పక్కన పెట్టే అధికారం కూడా యజమానిదే. కాబట్టి ఇంట్లో చుట్టినా వాళ్లు ఉద్యోగులేనని సుప్రీంకోర్టు 1985లో తీర్పు చెప్పింది. కాబట్టి ఇది ఎవరో దయతో ఇచ్చేది కాదు, మీ హక్కు.

ఒక జాగ్రత్త. కార్డు అత్తగారి పేరున ఉండి, బీడీలు కోడలు చుడుతుంటే, చట్టం దృష్టిలో ఆ ఫండ్ అత్తగారిదే. కోడలి పిల్లల చదువుకు ఆ ఖాతా నుంచి చదువు అడ్వాన్సు రాదు. ఎవరి కష్టం వాళ్ల పేరునే కార్డు మీదికి ఎక్కాలి.

మీ ఖాతాలో ఎవరి వాటా ఎంత?

"ఎంత వస్తది" అనే ప్రశ్నకు జవాబు మీ పాస్‌బుక్‌లోనే ఉంది. అందులో మూడు వరుసలు కనిపిస్తాయి: మీ వాటా, యజమాని వాటా, పెన్షన్ వాటా. మూడోది అడ్వాన్సు కోసం ముట్టుకోవడానికి వీలు లేదు.

చాలా పరిశ్రమల్లో కూలీలోంచి 12 శాతం కోస్తారు, యజమాని మరో 12 శాతం వేస్తాడు. బీడీ పరిశ్రమకు మాత్రం ఇది 10 శాతం. యజమాని వేసేదాంట్లోంచి 8.33 శాతం పెన్షన్ నిధికి వెళ్లిపోతుంది. మిగిలిందే పీఎఫ్‌లో పడుతుంది.

రెండు ఉదాహరణలు చూద్దాం. లెక్క తేలికగా ఉండాలని అంకెలు నేనే పెట్టుకున్నాను.

బీడీ కార్మికురాలు, నెల కూలీ 6,000 రూపాయలు. ఆమె వాటా 600. యజమాని వేసేది 600. అందులో 500 పెన్షన్‌కు పోతుంది, 100 మాత్రమే పీఎఫ్‌లో చేరుతుంది.

టవల్ కార్ఖానా కార్మికుడు, నెల జీతం 15,000 రూపాయలు. ఆయన వాటా 1,800. యజమాని వేసేది 1,800. అందులో 1,250 పెన్షన్‌కు, 550 పీఎఫ్‌కు.

చూశారా, బీడీ ఖాతాలో యజమాని వాటా ఎంత చిన్నదో! ఆమె పీఎఫ్‌లో ప్రతి ఏడు రూపాయలకు ఆరు ఆమె సొంత కష్టార్జితమే. "ఇద్దరి వాటాలు కలిపి" అని ఎవరైనా చెబితే, బీడీ కార్మికురాలికి దాని వల్ల పెద్దగా పెరిగేది ఉండదు.

పిల్లల చదువుకు ఎంత?

మనం ఇన్నాళ్లుగా చూస్తున్న నియమం ఇది. 1952 నాటి ఈపీఎఫ్ పథకంలో 68కె పేరా.

- సభ్యత్వం ఏడేళ్లు నిండి ఉండాలి.
- కొడుకు లేదా కూతురి పదో తరగతి తర్వాతి చదువుకే ఇస్తారు. బడి ఫీజులకు ఇవ్వరు.
- మీ సొంత వాటా, దాని మీద వడ్డీ కలిపి ఎంత ఉందో అందులో సగం వరకు వస్తుంది. యజమాని వాటా లెక్కలోకి రాదు.
- పెళ్లికి, చదువుకు కలిపి మొత్తం జీవితంలో మూడుసార్లే.

పై ఉదాహరణలోని బీడీ కార్మికురాలి పాస్‌బుక్‌లో సొంత వాటా వడ్డీతో 84,000, యజమాని వాటా 14,000 ఉన్నాయనుకుందాం. చదువుకు ఆమెకు వచ్చేది 84,000లో సగం, అంటే 42,000. కార్ఖానా కార్మికుడి సొంత వాటా 1,44,000, యజమాని వాటా 44,000 అనుకుంటే, ఆయనకు 72,000.

ఇక్కడ చివరి నియమాన్ని ఇంకొకసారి చదవండి. పెళ్లికి, చదువుకు కలిపి మూడుసార్లు. పెద్దమ్మాయి పెళ్లికి ఒకసారి, చెల్లెలి పెళ్లికి ఒకసారి, కొడుకు పెళ్లికి ఒకసారి తీసేస్తే, చిన్నమ్మాయి డిప్లొమా నాటికి తలుపు మూసుకుపోతుంది. పైగా ప్రతిసారీ ఉన్నదాంట్లో సగం పోతుంది కాబట్టి రెండోసారి వచ్చేది మొదటిసారికన్నా బాగా తక్కువ. ఇంట్లో పెళ్లి ఎలా చేయాలో చెప్పడం నా పని కాదు. కానీ పెళ్లికి ఫండ్ తీసే ముందు, బడిలో ఇంకా ఎంతమంది పిల్లలున్నారో ఒకసారి వేళ్లమీద లెక్కపెట్టుకోండి.

జబ్బు చేస్తే, ఇల్లు కట్టుకుంటే

చదువు కోసమే కాదు, ఫండ్ తీసే ఇంకో రెండు పెద్ద అవసరాలున్నాయి.

జబ్బుకైతే ఇన్నేళ్ల సభ్యత్వం ఉండాలన్న షరతు లేదు. ఆరు నెలల మూల వేతనం, కరువు భత్యం కలిపి ఎంతో, లేదా మీ సొంత వాటా వడ్డీతో ఎంతో, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది వస్తుంది. మన ఉదాహరణలో బీడీ కార్మికురాలికి ఆరు నెలల కూలీ 36,000, సొంత వాటా 84,000. కాబట్టి వచ్చేది 36,000. కార్ఖానా కార్మికుడికి 90,000. మీకే కాదు, మీ భార్య లేదా భర్తకు, పిల్లలకు, మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులకు జబ్బు చేసినా వర్తిస్తుంది. పెద్ద ఆపరేషన్లు, క్షయ, క్యాన్సర్, పక్షవాతం, గుండెజబ్బు వంటివి ఇందులోకి వస్తాయి. తంబాకు ధూళిలో పని చేసే ఇళ్లలో క్షయ మాట వింటూనే ఉంటాం కాబట్టి ఇది తెలిసి ఉండడం మంచిది.

ఇంటికైతే ఐదేళ్ల సభ్యత్వం ఉండాలి. ఇల్లు కొనడానికీ కట్టడానికీ 36 నెలల వేతనం, ఇద్దరి వాటాలు కలిపిన మొత్తం, ఇంటి ఖర్చు, ఈ మూడింటిలో ఏది తక్కువైతే అది. స్థలానికైతే 36కు బదులు 24 నెలలు. ఇల్లు మీ పేరునో, మీ భార్య లేదా భర్త పేరునో, ఇద్దరి పేరునో ఉండాలి. అన్నదమ్ముల ఉమ్మడి పేరున ఉంటే కుదరదు. కుంభారి వైపు కార్మికుల కాలనీల్లో ఇల్లు వచ్చిన కుటుంబాలు తమ వంతు డబ్బు కట్టడానికి ఫండ్ తీయాలనుకుంటే ముందు ఆ కాగితం మీద ఎవరి పేరుందో చూసుకోవాలి.

2025 అక్టోబర్ నిర్ణయం ఏం చెబుతోంది?

ఈ నియమాలన్నీ వేర్వేరు పేరాల్లో, వేర్వేరు ఏళ్ల షరతులతో ఉండడం వల్ల మామూలు మనిషికి అర్థం కాకుండా పోయాయి. 2025 అక్టోబర్ 13న ఢిల్లీలో సమావేశమైన ఈపీఎఫ్ కేంద్ర ధర్మకర్తల మండలి వీటిని సరళం చేయాలని నిర్ణయించింది. మొత్తం 13 నియమాలను కలిపి ఒకటిగా చేసి, అవసరాలను మూడు రకాలుగా విడదీశారు: జబ్బు, చదువు, పెళ్లి వంటి అత్యవసరాలు ఒకటి, ఇల్లు రెండు, ప్రత్యేక పరిస్థితులు మూడు. ముఖ్యమైన మార్పులు ఇవి.

- ఏ అవసరానికైనా 12 నెలల సర్వీసు చాలు. చదువుకు ఏడేళ్లు ఆగనక్కరలేదు.
- చదువుకు 10 సార్లు, పెళ్లికి 5 సార్లు. అంటే పెళ్లి లెక్క వేరు, చదువు లెక్క వేరు.
- సొంత వాటాతో పాటు యజమాని వాటా కూడా లెక్కలోకి వస్తుంది.
- ఖాతాలో 25 శాతం ఎప్పుడూ నిలవ ఉండాలి. మిగిలిన 75 శాతం దాకా తీసుకోవచ్చు.
- ప్రత్యేక పరిస్థితుల కింద అడిగితే కారణం చెప్పనక్కరలేదు.

మన ఉదాహరణలకు ఈ కొలత పెట్టి చూద్దాం. బీడీ కార్మికురాలి ఖాతాలో రెండు వాటాలు కలిపి 98,000. అందులో పావు వంతు 24,500 నిలవ ఉంచాలి. తీయగలిగేది 73,500 వరకు. పాత కొలతలో 42,000. కార్ఖానా కార్మికుడికి మొత్తం 1,88,000. తీయగలిగేది 1,41,000 వరకు. పాత కొలతలో 72,000.

నిర్ణయం పేపర్లో రావడం వేరు, మీరు దరఖాస్తు పెట్టే రోజున పోర్టల్లో అమలులో ఉండడం వేరు. కాబట్టి పేపరు చూసో, వాట్సాప్ చూసో కాలేజీకి "ఇంత కడతాం" అని మాట ఇవ్వకండి. దరఖాస్తు తెరిచినప్పుడు ఏ కారణాలు చూపిస్తోంది, ఎంత వరకు అనుమతిస్తోంది అన్నది చూసి, దాన్ని బట్టే మాట ఇవ్వండి.

ఉద్యోగం పోయినవాళ్లకు కూడా ఈ నిర్ణయంలో ఒక మార్పు ఉంది. ఇదివరకు నెల రోజులు పని లేకపోతే 75 శాతం, రెండు నెలలు దాటితే మిగతాదీ తీసుకునే వీలుండేది. కొత్త నిర్ణయం ప్రకారం 75 శాతం వెంటనే తీసుకోవచ్చు గానీ, ఖాతా పూర్తిగా మూసి మిగతాది తీసుకోవాలంటే 12 నెలలు ఆగాలి. పెన్షన్ డబ్బు తీసుకోవాలంటే 36 నెలలు.

వస్తుంది కదా అని అంతా తీయాలా?

ఇక్కడ ఒక మాస్టారుగా నా మాట వినండి. ఎంత వస్తుంది అన్నది ఒక ప్రశ్న, ఎంత తీయాలి అన్నది వేరే ప్రశ్న.

2023-24, 2024-25 సంవత్సరాలకు ఈపీఎఫ్ వడ్డీ 8.25 శాతం. ఈ వడ్డీ ఇలాగే కొనసాగితే, 38 ఏళ్ల తల్లి ఈ రోజు తీసిన 42,000 రూపాయలు, తీయకుండా ఉంటే ఆమెకు 58 ఏళ్లు వచ్చేసరికి సుమారు 2 లక్షల 5 వేలు అవుతాయి. బీడీలు చుట్టిన చేతులు, నడుము అరవై దాటాక ఎంత పని చేయగలవో మీకు నేను చెప్పాలా?

అదే 42,000 నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 840, ఏడాదికి 10,080 వడ్డీకే పోతుంది. అసలు అలాగే ఉంటుంది. కాబట్టి సావుకారు అప్పుకన్నా పీఎఫ్ నయం, అందులో సందేహం లేదు. ఆడపిల్ల చదువు ఫీజు కోసం ఆగిపోవడంకన్నా కూడా పీఎఫ్ తీయడమే నయం. కానీ పీఎఫ్‌కన్నా ముందు చూడవలసిన దారులు రెండున్నాయి.

ఒకటి, బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే స్కాలర్‌షిప్. ఒకటో తరగతి నుంచి వృత్తి విద్య దాకా, తరగతిని బట్టి ఏడాదికి 1,000 నుంచి 25,000 రూపాయల వరకు ఉంటుంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో దరఖాస్తు చేయాలి. తల్లి లేదా తండ్రి బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఉండాలి. ఇది తిరిగి కట్టేది కాదు, మీ ముసలితనంలోంచి తీసేదీ కాదు. గడువు దాటితే మాత్రం ఆ ఏడాదికి పోయినట్టే.

రెండు, పన్నెండో తరగతి తర్వాత ఇంజనీరింగు, నర్సింగు వంటి చదువులకైతే బ్యాంకు విద్యారుణం. 4 లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది. చదువు అయ్యాక పిల్లవాడు సంపాదించి తీర్చుకునే అప్పు అది.

ఈ రెండూ చూశాక ఇంకా ఎంత తక్కువ పడుతుందో అంతే పీఎఫ్ నుంచి తీయండి. 42,000 వస్తుందని చూపించినా ఫీజు 15,000 అయితే 15,000కే దరఖాస్తు పెట్టండి. మిగిలింది ఖాతాలో వడ్డీ తెచ్చుకుంటూ ఉంటుంది.

దరఖాస్తుకు ముందు చేయవలసినవి

1. ఖాతాలో ఎంతుందో చూసుకోండి. యూఏఎన్‌తో రిజిస్టరైన మొబైలు నుంచి 99660 44425 నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే వివరాలు మెసేజ్‌గా వస్తాయి. మెసేజ్ తెలుగులో కావాలంటే 77382 99899 నంబరుకు ఎస్ఎంఎస్ పంపాలి. అందులో ఇంగ్లీషు అక్షరాల్లో ఈపీఎఫ్ఓహెచ్ఓ అని, ఖాళీ వదిలి యూఏఎన్ అని, మళ్లీ ఖాళీ వదిలి టీఈఎల్ అని రాయాలి. మహారాష్ట్రలో ఉన్నా మన లెక్క మన భాషలో తెలుసుకునే వీలుంది, వాడుకోండి. విడివిడిగా వాటాలు చూడాలంటే ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరవాలి.

2. పేరు సరిచూసుకోండి. మన వాళ్ల దరఖాస్తులు ఎక్కువగా ఆగేది ఇక్కడే. ఆధార్‌లో పేరు, భర్త పేరు, ఇంటిపేరు అనే మరాఠీ వరుస ఉంటుంది. కార్ఖానా రికార్డులో ఇంటిపేరు ముందు వస్తుంది. తెలుగు ఇంటిపేరు ఒకచోట ఒక స్పెల్లింగు, ఇంకొకచోట ఇంకో స్పెల్లింగు. పెళ్లికి ముందు కార్డు తీసుకున్న వాళ్లకు పుట్టింటి పేరే ఉండిపోతుంది. 2017 అక్టోబర్ 1 తర్వాత యూఏఎన్ వచ్చి, ఆధార్‌తో ధృవీకరణ అయినవాళ్లు పేరు, పుట్టిన తేదీ వంటివి యజమాని సంతకం లేకుండా తామే ఆన్‌లైన్‌లో సవరించుకునే వీలు 2025 జనవరి నుంచి ఉంది. అంతకు ముందు వాళ్లయితే యజమాని ద్వారా ఉమ్మడి డిక్లరేషన్ పెట్టాలి. దీనికి సమయం పడుతుంది. జూన్‌లో ఫీజు కట్టాలంటే ఈ పని ఇప్పుడే మొదలుపెట్టాలి.

3. బ్యాంకు ఖాతా మీ పేరునే ఉండాలి. కొడుకు ఖాతా, భర్త ఖాతా పనికిరావు. చెక్కు లేదా పాస్‌బుక్ ఫోటో అప్‌లోడ్ చేయాలన్న షరతును 2025 ఏప్రిల్‌లో తీసేశారు. ఫోటో సరిగా లేదని తిప్పి పంపే బాధ తగ్గింది.

4. మొబైలు నంబరు మీ దగ్గరే ఉండాలి. ఓటీపీ ఆధార్‌కు జోడించిన నంబరుకు వస్తుంది. ఆ నంబరు పెళ్లయి వెళ్లిపోయిన కూతురి దగ్గరో, ఊళ్లో లేని కొడుకు దగ్గరో ఉంటే పని ఆగిపోతుంది.

5. ఫారం 31 మాత్రమే నింపండి. అడ్వాన్సుకు ఫారం 31. చదువు అడ్వాన్సుకు 2017 నుంచి విడిగా సర్టిఫికెట్లు జతచేయనక్కరలేదు, స్వయం ప్రకటన చాలు. అయినా కాలేజీ ఫీజు రసీదు దాచుకోండి. వివరాలన్నీ సరిగా ఉంటే, 5 లక్షల వరకు అడ్వాన్సులు కంప్యూటరే పరిశీలించి మూడు రోజుల్లో తేల్చే ఏర్పాటు 2025 జూన్ నుంచి ఉంది.

ఫారం 19, 10సీ విషయంలో జాగ్రత్త

చాలామంది ఒక కార్ఖానా వదిలి ఇంకో కార్ఖానాలో చేరేటప్పుడు పాత ఫండ్ మొత్తం తీసేస్తారు. ఏజెంటు ఫారం 19, ఫారం 10సీ నింపిస్తాడు. 19 అంటే పీఎఫ్ మొత్తం తీసుకొని ఖాతా మూసేయడం. 10సీ అంటే పెన్షన్ వాటా కూడా తీసేసుకోవడం. ఆ రోజు చేతికి కొంత ఎక్కువ డబ్బు వస్తుంది, నిజమే. కానీ పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. ఎనిమిదేళ్లు చేసి 10సీ పెట్టి తీసేసుకుంటే ఆ ఎనిమిదేళ్లు తుడిచిపెట్టుకుపోతాయి. కొత్త కార్ఖానాలో మళ్లీ సున్నా నుంచి మొదలు. కనీస పెన్షన్ నెలకు 1,000 రూపాయలేనని చిన్నచూపు చూడకండి. అది చనిపోయేదాకా వస్తుంది, ఆ తర్వాత భార్యకో భర్తకో కుటుంబ పెన్షన్ వస్తుంది.

కార్ఖానా మారితే పాత ఖాతాను కొత్త ఖాతాకు బదిలీ చేయించుకోండి. డబ్బు అవసరమైతే ఫారం 31తో అడ్వాన్సు తీసుకోండి. అడ్వాన్సు తీసుకున్నంత మాత్రాన మీ సర్వీసు తెగదు, పెన్షన్ పోదు.

ఏజెంట్ల గురించి ఒక్క మాట. పీఎఫ్ ఆఫీసులో ఏ సేవకూ ఫీజు లేదు. వచ్చినదాంట్లో వందకు ఇంత అని కమీషన్ అడిగేవాళ్లకు మీ యూఏఎన్ పాస్‌వర్డు, ఓటీపీ చెప్పారంటే ఇంటి తాళం ఇచ్చినట్టే. సందేహం ఉంటే 14470 టోల్‌ఫ్రీ నంబరుకు ఫోను చేయవచ్చు. ప్రతి నెల 27న జిల్లాల్లో "నిధి ఆప్‌కే నికట్" పేరుతో పీఎఫ్ అధికారులే శిబిరం పెడతారు. 27 సెలవైతే మరుసటి పనిదినం. కాగితాలు తీసుకొని అక్కడికి వెళ్లి నేరుగా అడగండి.

బడి తరఫున

పదో తరగతి పిల్లలకు ఈ నెలలో ఒక పని ఇస్తున్నాం. ప్రతి విద్యార్థీ ఇంట్లో అమ్మ లేదా నాన్న పీఎఫ్ పాస్‌బుక్ చూసి, మూడు వాటాలు నోటుబుక్కులో రాసుకొని, ఇందులో చెప్పిన పద్ధతిలో చదువుకు ఎంత వస్తుందో పాత కొలతలోనూ కొత్త కొలతలోనూ లెక్క కట్టాలి. ఆ అంకెలు బడికి చూపించనక్కరలేదు, ఇంట్లో చూపిస్తే చాలు. శాతాల పాఠం కూడా అయిపోతుంది, ఇంటి లెక్క కూడా తెలుస్తుంది.

పేరు తేడాలు, స్కాలర్‌షిప్ దరఖాస్తు విషయంలో సాయం కావలసిన తల్లిదండ్రులు శనివారం బడి వదిలాక ఆఫీసుకు రండి. ఆధార్, బీడీ కార్డు లేదా కార్ఖానా కార్డు, బ్యాంకు పాస్‌బుక్, ఓటీపీ వచ్చే మొబైలు వెంట తెచ్చుకోండి. ఫారాలు నింపడంలో ఉపాధ్యాయులు సాయం చేస్తారు. ఎవరూ ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కరలేదు.

– ప్రధానోపాధ్యాయుడు